వేంగీ చాళుక్య తామ్రశాసనాల వంశావళి ఫక్కి: పట్టిక నుండి వాక్యానికి

ప్రవేశిక

వేంగీ చాళుక్యుల తామ్రశాసనాలు చరిత్రకారులకు కాలనిర్ణయ సాధనాలుగా, భాషావేత్తలకు ప్రాచీనాంధ్ర పదాల నిధులుగా, సాహిత్య చరిత్రకారులకు నన్నయకు ముందునాటి రచనా సంప్రదాయానికి సాక్ష్యాలుగా ఉపకరించాయి. ఈ శాసనాలలోని వంశావళి భాగాన్ని మాత్రం రాజుల పేర్లు, పాలనా కాలాలు ఏరుకొనే చోటుగా చూడడమే ఎక్కువ. ఆ భాగం కూడా ఒక రచన. దానికి నియతమైన పదజాలం ఉంది, వాక్య నిర్మాణం ఉంది, చెప్పదగినదేదో చెప్పరానిదేదో నిర్ణయించే కట్టుబాటు ఉంది.

పట్టికగా అమరిన దత్తాంశాన్ని చదువదగిన వాక్యాలుగా మార్చడానికి నేటి కంప్యూటర్ రంగంలో చిన్న చిన్న మూస భాషలు వాడుకలో ఉన్నాయి. 1999లో ప్రమాణీకృతమైన ఎక్స్‌ఎస్‌ఎల్‌టి అటువంటిది. స్థిరమైన వాక్యభాగాలు, వాటి నడుమ నింపవలసిన గడులు, ఏ సందర్భంలో ఏ వాక్యం రావాలో చెప్పే నియమాలు ఇటువంటి భాషకు ప్రధానాంగాలు. ఈ దృష్టితో చూసినప్పుడు 10, 11 శతాబ్దుల వేంగీ శాసన ఫక్కి ఎట్లా పనిచేసిందో, ఎక్కడ మౌనం వహించిందో స్పష్టమవుతుంది. దానిని నిరూపించడమే ఈ వ్యాస లక్ష్యం.

శాసన నిర్మాణం

వరాహ లాంఛనమూ ‘శ్రీ త్రిభువనాంకుశ’ అనే అక్షరాలూ గల ముద్రతో కూర్చిన రాగిరేకులలో విషయక్రమం దాదాపు స్థిరం. మానవ్యస గోత్రం, హారీతీపుత్రత్వం, కౌశికీ వరప్రసాదం, నారాయణ దత్తమైన వరాహ లాంఛనం పేర్కొనే చాళుక్య ప్రశస్తి మొదట వస్తుంది. తరువాత వంశావళి, పాలిస్తున్న రాజు బిరుదులు, రాష్ట్రకూట ప్రముఖులైన కుటుంబులకు ఆజ్ఞ, ప్రతిగ్రహీత వర్ణన, పొలిమేరలు, శాపోక్తులు, చివర ఆజ్ఞప్తి, కవి, లేఖకుల పేర్లు ఉంటాయి.

7వ శతాబ్ది శాసనాలలో వంశవర్ణన సాధారణంగా తాత, తండ్రి, దాత అనే మూడు తరాలకు పరిమితం. కుబ్జ విష్ణువర్ధనునితో మొదలుపెట్టి ప్రతి రాజుకూ పాలనా కాలం చెప్పే దీర్ఘపట్టిక 10వ శతాబ్ది నాటికి స్థిరపడింది. దానం ఎవరికైనా ఈ పట్టిక మారదు. రెండవ అమ్మరాజు అత్తిలి ప్రాంతంలోని కలుచుంబర్రు గ్రామాన్ని చామెకాంబ కోరికపై జైన వసతికి ఇచ్చినప్పుడూ ఇదే వరుస. వైదిక బ్రాహ్మణులకు ఇచ్చినప్పుడూ ఇదే వరుస.

రాజరాజ నరేంద్రుని రెండు శాసనాలు ఈ స్థిరత్వాన్ని మరింత స్పష్టం చేస్తాయి. కోరుమిల్లి శాసన కవి చేతన భట్టు. 1053 నాటి నందంపూడి శాసన కవి నన్నయ భట్టు. ఈయననే ఆంధ్ర మహాభారత కర్తగా సాహిత్య చరిత్రకారులు గుర్తించారు. రెండింటికీ లేఖకుడు గండాచార్యుడే. కవులు వేరైనా వంశావళి చాలా మేరకు ఒకటే. కనుక వంశావళి పాఠం ఆస్థానంలో సిద్ధంగా ఉండేదనీ, కవి ప్రతిభకు అవకాశం పాలక ప్రశస్తిలోనూ ప్రతిగ్రహీత వర్ణనలోనూ మాత్రమే దక్కేదనీ ఊహించవచ్చు. నందంపూడి శాసనంలో నారాయణ భట్టును వర్ణించే పద్యాలు నన్నయవి. వంశావళి మాత్రం ఆస్థానానిది.

మూడు గడులు

వంశావళి వాక్యంలో నింపవలసిన గడులు మూడు: బంధుత్వం, పేరు, కాలం. బంధుత్వం ‘తత్పుత్రః’, ‘తదనుజః’, ‘తత్సూనుః’ వంటి సమాసంగా వస్తుంది. ఇందులోని ‘తత్’ ముందు వాక్యంలోని రాజును సూచిస్తూ రెండు వాక్యాలనూ గొలుసు కడుతుంది. పేరు ప్రథమా విభక్తిలో ఉంటుంది. కాలం ద్వితీయా విభక్తిలో ఉంటుంది. ఎడతెగక వ్యాపించిన కాలాన్ని ద్వితీయతో చెప్పాలన్న పాణినీయ నియమమే ఇందుకు ఆధారం. క్రియాపదం తరచుగా అధ్యాహార్యం.

ఈ ఫక్కికి రాజు గొప్పతనంతో పని లేదు. 44 ఏండ్లు పాలించిన గుణగ విజయాదిత్యునికీ, ఏడు రోజుల ఇంద్రభట్టారకునికీ, పక్షం రోజుల బేతరాజుకూ మూలంలో ఒకే వాక్యరూపం. అంతఃకలహాలకు కూడా ఇందులో చోటు ఉంది. జయసింహుని సవతి తమ్ముడు కొక్కిలి ఆరు నెలలు పాలించగా, అతని అన్న విష్ణువర్ధనుడు అతనిని వెడలగొట్టి 37 ఏండ్లు పాలించాడు. ఇంతటి సంఘర్షణ ఒక అసమాపక క్రియలో ఇమిడిపోయింది. బాలుడైన బేతరాజును తొలగించిన తాళరాజుకు ఒక నెల, అతని కుమారుడు యుద్ధమల్లునికి ఏడేండ్లు పట్టికలో దక్కాయి. వీరు రెండవ అమ్మరాజు శాఖకు శత్రువులు. అయినా అతని శాసనాలు వీరి కాలాన్ని తుడిచివేయలేదు.

రాణులకు ఈ పట్టికలో గడి లేదు. వారి పేర్లు వచ్చినప్పుడు ఫక్కికి వెలుపల, వర్ణన భాగంలోనే వస్తాయి.

అంకెలు, మాటలు, పొరపాట్లు

సంఖ్యను మాటగా మార్చడానికి ఈ రచనలో రెండు పద్ధతులున్నాయి. పాలనా కాలాలకు సంఖ్యావాచకాలే వాడతారు. పట్టాభిషేక సంవత్సరాన్ని పద్యంలో చెప్పవలసివచ్చినప్పుడు భూతసంఖ్యలు వాడతారు. రెండవ అమ్మరాజు పట్టాభిషేకానికి గిరులు ఏడు, రసాలు ఆరు, వసువులు ఎనిమిది. అంకెలను కుడినుండి ఎడమకు పేర్చితే శక 867, అనగా సా.శ. 945. రాజరాజ నరేంద్రునికి వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది. అది శక 944, అనగా సా.శ. 1022. ఛందోబద్ధం కావడం వల్ల ఈ సంఖ్యలో మాట మారితే చాలాసార్లు గణమో యతియో భంగమవుతుంది. ఆ విధంగా పద్యం సంఖ్యకు కాపలా కాస్తుంది.

గద్యంలోని సంఖ్యావాచకాలకు అటువంటి రక్షణ లేదు. మొదటి జయసింహునికి కొన్ని శాసనాలు 30 ఏండ్లు, కొన్ని 33 ఏండ్లు చెప్పాయి. రెండవ విజయాదిత్యునికి 40, 44, 48 అని మూడు పాఠాలున్నాయి. ‘త్రింశత్’, ‘త్రయస్త్రింశత్’; ‘చత్వారింశత్’, ‘చతుశ్చత్వారింశత్’, ‘అష్టచత్వారింశత్’ అనే రూపాలను పక్కపక్కన ఉంచితే భేదమంతా సమాసంలోని తొలిపదంలోనే ఉన్నట్లు కనిపిస్తుంది. ఇవి వేర్వేరు చారిత్రక సంప్రదాయాలు కానక్కరలేదు; ప్రతి నుండి ప్రతికి ఎక్కించేటప్పుడు తొలిపదం జారడమో మారడమో జరిగి ఉండవచ్చు.

వాక్యం నుండి పట్టికకు

1891లో జె. ఎఫ్. ఫ్లీట్ ఇండియన్ ఆంటిక్వరీ పత్రికలో తూర్పు చాళుక్యుల కాలక్రమాన్ని నిర్ణయించినప్పుడు చేసినది ఈ ప్రక్రియకు విలోమం. వాక్యాలనుండి పేర్లు, బంధుత్వాలు, కాలాలు వేరుచేసి పట్టిక కట్టి, తెలిసిన పట్టాభిషేక తిథులతో సరిచూశాడు. ఆ లెక్కలో వంశారంభం 615కు చేరింది. తరువాతి పరిశోధకులు దానిని 624కు జరిపారు. భేదం ఉన్నా పద్ధతి ఒక్కటే. అది సాధ్యమైనది శాసన ఫక్కి నియతంగా ఉండడం వల్లనే.

ఇరవై ఏడేండ్ల గడి

ఈ కూడికలోనే ఫక్కి స్వభావం బయటపడుతుంది. రెండవ అమ్మరాజు పట్టాభిషేకం శక 867. విమలాదిత్యునిది శక 933. నడుమ 66 ఏండ్లు. అమ్మరాజుకు 25, దానార్ణవునికి 3, శక్తివర్మకు 12 కలిపితే 40 మాత్రమే. మిగిలిన కాలానికి కోరుమిల్లి మొదలైన 11వ శతాబ్ది శాసనాలు ఇచ్చే సమాధానం ఒకటి: దైవవశాన 27 ఏండ్లు వేంగీ భూమికి ఏలిక లేకపోయింది. 40కి 27 చేరిస్తే 67. అసంపూర్ణ వర్షాలను పూర్తిగా లెక్కించే ఫక్కిలో ఒక సంవత్సరం తేడా సహజం. కనుక 27 అనే సంఖ్య నమ్మదగినదే.

ఏలిక లేడన్న మాట మాత్రం నిజం కాదు. తెలుగు చోడ వంశీకుడైన జటాచోడ భీముడు దానార్ణవుని వధించి ఆ కాలంలో వేంగిని పాలించాడని చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. దానార్ణవుని కుమారులు చోళులను ఆశ్రయించారు. రాజరాజ చోళుని తోడ్పాటుతో శక్తివర్మ 999 ప్రాంతంలో సింహాసనం పొందాడు. భీముని పేరు పట్టికలో లేకపోవడానికి పితృహంతపై ద్వేషం కారణమని చెప్పవచ్చు. అది కొంతవరకు నిజమే కావచ్చు. కాని ద్వేషమే చాలిన కారణమైతే తాళరాజు, యుద్ధమల్లుల పేర్లు కూడా పోవలసింది. వారికీ భీమునికీ ఉన్న భేదం బంధుత్వపు గడిలో ఉంది. తాళరాజు ఎంత శత్రువైనా చాళుక్యుడు. అతనిని ‘ఫలానావాని కొడుకు’ అని గొలుసులో చేర్చవచ్చు. భీమునికి పేరు ఉంది, కాలం ఉంది. ‘తత్’ అనే సర్వనామంతో అతనిని వెనుకటి రాజుకు కట్టే సమాసం లేదు. ఒక గడి నిండకపోవడంతో పేరు రాలిపోయింది. కాలాన్ని తీసివేస్తే కూడిక చెడుతుంది కనుక సంఖ్య నిలిచింది. ఆ తరువాత శక్తివర్మను దానార్ణవుని పుత్రుడని చెప్పడంతో గొలుసు మళ్ళీ అతుక్కొంది.

దీనికి భిన్నమైన మౌనం మరొకటి ఉంది. విమలాదిత్యునికి శాసనాలు ఏడేండ్లు ఇచ్చాయి. శక 933కు ఏడు చేరిస్తే 940. రాజరాజ నరేంద్రుని పట్టాభిషేకం 944. నడుమ నాలుగేండ్ల గురించి ఫక్కి ఒక్క మాటైనా పలకదు. సోదరుల నడుమ వారసత్వ వివాదం ఇందుకు కారణమని చరిత్రకారుల అభిప్రాయం. 27 ఏండ్ల శూన్యాన్ని ఫక్కి ‘లేడు’ అని పలికింది. నాలుగేండ్ల శూన్యాన్ని పలకకుండా దాటవేసింది. తెలిసి చెప్పిన లేమికీ, చెప్పకుండా విడిచిన లేమికీ గల భేదం పాఠ పరిశోధనలో ముఖ్యమైనది.

నేటి మూసలు

వేంగీ చాళుక్య శాసనాలు నేడు మరొకసారి మూసలోకి ప్రవేశిస్తున్నాయి. ‘ధర్మ’ అనే ఐరోపా పరిశోధనా పథకంలో డానియెల్ బాలోగ్ ఈ శాసనాలను ఎపిడాక్ నియమావళి ప్రకారం ఎక్స్‌ఎంఎల్ రూపంలో సంపాదించారు. ఎపిడాక్‌లో శిథిలమైన అక్షరాలకు ఒక గుర్తు, చెక్కినవాడు విడిచిన ఖాళీకి ఒక గుర్తు, సంపాదకుడు పూరించిన పాఠానికి మరొక గుర్తు ఉన్నాయి. కాని 27 ఏండ్ల వాక్యంలో రేకు చెడలేదు, అక్షరం పోలేదు. అక్కడి లేమి పాఠంలో లేదు, పాఠం చెప్పిన చరిత్రలో ఉంది.

ఇటువంటి పాఠాల నుండి రాజుల పట్టికలు తయారుచేసే పరిశోధకుడు ఇక్కడే జాగ్రత్త వహించాలి. ఎక్స్‌ఎస్‌ఎల్‌టి వంటి భాషలో గడికి విలువ లేకుంటే మూస ఏ హెచ్చరికా లేకుండా ఖాళీని వదులుతుంది. పేరు లేని వరుసను తొలగిస్తే 27 ఏండ్లు మాయమవుతాయి. భీముని పేరును నేరుగా చేరిస్తే శాసనం అనని మాటను దానికి అంటగట్టినట్లవుతుంది. శాసనం చెప్పిన ‘అనాయక’ స్థితినీ, చరిత్రకారులు నిర్ణయించిన పేరునూ వేర్వేరు గడులలో ఉంచడమే ఉచితం.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. వేంగీ శాసన వంశావళి బంధుత్వం, పేరు, కాలం అనే మూడు గడుల నియత రచన. పాలనా కాల పాఠభేదాలలో ముఖ్యమైనవి సంఖ్యాసమాసాల తొలిపదానికి సంబంధించినవి. జటాచోడ భీముని పేరు పట్టికకు ఎక్కకపోవడంలో రాజకీయ ద్వేషంతోపాటు ఫక్కి విధించిన బంధుత్వ నియమానికీ పాత్ర ఉంది. శాసనాలలో చరిత్రను వెదికేటప్పుడు గడులలో ఏముందని అడగడంతోపాటు, గడులను ఎవరికోసం కట్టారని కూడా అడగవలసి ఉంది. రాజమహేంద్రవరం నుండి ఏలిన ప్రభువుల రాగిరేకులు తమ గడిలో పట్టనివానిని లేడన్నాయి. అతడు ఏలిన ఏండ్లను మాత్రం తప్పకుండా లెక్కపెట్టాయి.