మూకుడులో పుట్టిన రుచి: లోంగ్‌జింగ్ తేయాకు చరిత్ర

చైనా తూర్పు తీరంలోని ఝెజియాంగ్ రాష్ట్రానికి రాజధాని అయిన హాంగ్‌ఝౌ నగరంలో, పడమటి సరస్సును ఆనుకొని ఉన్న కొండల మీద పండే గ్రీన్ టీని లోంగ్‌జింగ్ అంటారు. చైనా భాషలో ‘లోంగ్’ అంటే డ్రాగన్, ‘జింగ్’ అంటే బావి. అక్కడి ఒక పాత బావి పేరే ఊరికీ, ఊరి పేరే తేయాకుకూ వచ్చాయి. నేడు చైనా గ్రీన్ టీలలో అగ్రశ్రేణిలో నిలిచిన ఈ ప్రాంతపు సరుకుకు ఒకప్పుడు అంత గౌరవం లేదు. ఎనిమిదవ శతాబ్దంలో ‘చాజింగ్’ అనే తేయాకు శాస్త్రగ్రంథాన్ని రచించిన లూ యూ, ఈ కొండల్లోని తియాన్‌ఝు, లింగ్‌యిన్ ఆలయాల దగ్గర తేయాకు పండుతుందని పేర్కొన్నాడు గాని, పరిసర సీమలతో పోల్చి చూసినప్పుడు హాంగ్‌ఝౌ ఆకును కింది తరగతిలో చేర్చాడు. కొండలు అవే అయినప్పుడు ఆకు విలువ ఇంతగా ఎలా పెరిగిందన్న ప్రశ్నకు సమాధానం చాలావరకు ఆకును తయారుచేసే పద్ధతిలో దొరుకుతుంది.

లూ యూ కాలంలో కోసిన ఆకును ఆవిరిపై ఉడికించి, రోట్లో దంచి, అచ్చుల్లో బిళ్ళలుగా ఒత్తి ఆరబెట్టేవారు. తాగేటప్పుడు ఆ బిళ్ళను కాల్చి, పొడిచేసి, చిటికెడు ఉప్పు వేసి మరిగించేవారు. తర్వాతి సోంగ్ రాజుల కాలంలో ఆ పొడిని గిన్నెలో వేసి వేడినీటితో నురుగు వచ్చేదాకా వెదురు కుంచెతో చిలికే అలవాటు వ్యాపించింది. దర్బారుకు పంపే మేలురకం బిళ్ళల కోసమైతే ఆకులోని రసాన్ని సైతం పిండివేసేవారు. విడి ఆకు జనసామాన్యంలో అప్పటికే ఉన్నప్పటికీ, దానికి రాజాదరణ దక్కింది 1391లో మాత్రమే. బిళ్ళల తయారీ ప్రజలకు మోయరాని భారమైందన్న కారణంతో మింగ్ వంశ స్థాపకుడు హోంగ్వూ చక్రవర్తి వాటిని కప్పంగా స్వీకరించడం మాని, ఇకపై విడి ఆకునే పంపాలని ఆజ్ఞాపించాడు. దాంతో దంచడం, చిలకడం వెనుకబడి, ఆకునే వేడినీటిలో నానబెట్టుకొని తాగే పద్ధతి నిలదొక్కుకుంది. ఆకు ఆకారమూ, రంగూ, వాసనా తాగేవారికి నేరుగా ఎదురుపడ్డాయి.

ఈ మార్పుతో పాటు ఆకును ఇనుప మూకుడులో వేయించే విద్య ప్రధానమైంది. కోసిన చిగుళ్ళను నీడలో పలుచగా పరిచి కొన్ని గంటలు వాడనిచ్చాక, కాగిన మూకుడులో కొద్దికొద్దిగా వేసి ఉత్తచేతులతో కలియబెడతారు. చైనావారు ‘షాచింగ్’, అనగా ‘పచ్చిని చంపడం’ అని పిలిచే ఈ దశలో, ఆకును నల్లబరిచే ఎంజైములు వేడికి పనిచేయకుండా పోతాయి. అలా ఆగకపోతే ఆ ఆకే మనం ఎరిగిన నల్ల టీ వైపు మళ్ళుతుంది. జపాన్‌లో నేటికీ ఎక్కువగా ఆవిరి పడతారు కనుక అక్కడి టీలో పసరు వాసన ముందుంటుంది. లోంగ్‌జింగ్‌లో చెస్ట్‌నట్ కాయలను, వేయించిన గింజలను తలపించే కమ్మదనం మూకుడు వేడివల్ల ఏర్పడినది. పనివాడు ఆకును ఎత్తి విదిలించడం, అరచేతితో మూకుడుకు అదమడం, తోయడం, రాయడం వంటి పది రకాల చేతివాటాలను తడిని బట్టి మార్చుకుంటూ పోగా, చిగురు కత్తి అలుగులా చదునవుతుంది. కాసేపు ఆరనిచ్చి మళ్ళీ వేయిస్తే గాని తడి పూర్తిగా పోదు. కిలో టీ కావాలంటే నాలుగైదు కిలోల పచ్చి ఆకు పడుతుంది.

ఏప్రిల్ 5 ప్రాంతంలో వచ్చే చింగ్‌మింగ్ అనే పితృదేవతల పండుగకు ముందు కోసిన ఆకుకు ధర ఎక్కువ. చలికాలమంతా మొక్కలో పోగైన థియనిన్ అనే అమైనో ఆమ్లం తొలి చిగుళ్ళలో మెండుగా ఉండి నాలుకకు కమ్మదనాన్నిస్తుంది; ఎండలు ముదిరేకొద్దీ వగరును పెంచే కాటెకిన్లు అధికమవుతాయి. 1751 మొదలు 1784 వరకు ఆరుసార్లు దక్షిణాదిని పర్యటించిన చియాన్‌లోంగ్ చక్రవర్తి సింహశిఖరం దిగువనున్న పద్దెనిమిది తేయాకు పొదలకు రాజగౌరవం కల్పించాడన్న ఐతిహ్యం ఈ కీర్తికి తోడైంది. 2022లో యునెస్కో చైనా సంప్రదాయ తేయాకు తయారీ విద్యలను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు లోంగ్‌జింగ్ వేయింపు కూడా వాటిలో ఒకటిగా నిలిచింది.

తెలుగువారి ‘టీ’, ‘తేయాకు’ అనే మాటలకు ఫుజియాన్ తీరపు ‘తె’ మూలం కాగా, ‘చాయ్’కి ‘చా’ మూలం. పాలూ పంచదారా కలిపిన ఆ పానీయానికీ, మరుగు తగ్గిన నీటిలో ఆకు తేలుతుండగా గాజు గ్లాసులో తాగే లోంగ్‌జింగ్‌కూ మొక్క ఒక్కటే. ఆ మాటకొస్తే, హాంగ్‌ఝౌ ఆకును కింది తరగతిలో పెట్టిన లూ యూ తీర్పును తప్పుపట్టడానికీ వీలు లేదు. ఆయన తూచినది ఆవిరిలో ఉడికి, రోట్లో నలిగి, ఉప్పుతో మరిగిన ఆకును గాని, మూకుడు ఎక్కిన ఆకును కాదు.