నీటిగొట్టపు అతుకు

నేటి ప్రసంగవిషయము మిక్కిలి చిన్నదిగా దోచవచ్చును. ఇంటి నల్లా చెడినప్పుడు మనమే పానా పట్టి బాగుచేసికొందుము. మరునాటికి నీరు మరల కారసాగును; లేదా ధార సన్నబడును. ఇట్లేల జరుగునో తెలియవలెనన్న గొట్టముల చరిత్రను కొంత తడవవలసియున్నది. నా మట్టునకు, ఆ చరిత్ర యంతయు అతుకుల చరిత్రయే.

బల్మూరు మొదలగు నల్లమల సీమ గ్రామములలో బహుకాలము చేదబావియు, తరువాత చేతిపంపును దిక్కైయుండెను. 2016వ సంవత్సరము ఆగస్టు 7వ తేదీన గజ్వేలు చెంతనున్న కోమటిబండలో మిషన్ భగీరథ ప్రారంభింపబడెను. పిమ్మట కొల్లాపురము వైపునున్న ఎల్లూరునుండి శుద్ధిచేసిన కృష్ణాజలము గొట్టములలో గ్రామములకు రాసాగెను. బావికి మోకు తెగినను, గిలక విరిగినను కంటికి కనబడును. గొట్టము చెడుట గోడలోపల జరుగును. ఇంటింటికి ఈ విద్య క్రొత్తదే గాని, దక్కనుకు మాత్రము క్రొత్తది కాదు.

కుతుబ్‌షాహీల యేలుబడి 1518 మొదలు 1687 వరకు సాగెను. ఆ కాలమున గోలకొండలో నీటిని చక్రములతో అంచెలంచెలుగా పైతొట్లకెక్కించి, అచ్చటినుండి మట్టిగొట్టములలో దిగువకు పంచిరి. ఆ గొట్టముల తునుకలు నేటికిని కోటలో చూడవచ్చును. బిజాపురమున మహమ్మదు ఆదిల్‌షా 1651లో బేగం తలాబును కట్టించి, ఆ నీటిని మట్టిగొట్టములలోనే నగరమునకు తెప్పించెను. అచ్చటి పనివారి తెలివికి నాకెంతయో ముచ్చట కలుగును. వారు గొట్టపు బాటలో నడుమనడుమ గంజులను బురుజులు కట్టిరి. గంజులోనికి వచ్చిన నీటి ఒత్తిడి తగ్గును, మన్ను అడుగున దిగును, లోని గాలి పైకి పోవును.

మన యింట ఆ గంజు లేదు. కనుక గొట్టమును కోసి అతికిన వెంటనే ధార సన్నబడినచో, ఒత్తిడిని నిందింపకుడు. కోసినప్పుడు రాలిన ప్లాస్టిక్ పొట్టును, ఇసుకయు నల్లా మూతిలోని జల్లెడలో చిక్కియుండును. దానిని విప్పి కడిగిన చాలును. మిద్దెపై ట్యాంకు నిండుగా నున్నను నీరు రాక గుడగుడమను చప్పుడు మాత్రమే వినవచ్చినచో, అది గాలి పని. క్రొత్తగా వేసిన గొట్టము నడుమ మీదికెక్కి మరల దిగినచో ఆ మూపున గాలి నిలిచి నీటి నడ్డగించును. నల్లాలన్నియు కొంతసేపు పూర్తిగా తెరచి చూడుడు. అప్పటికిని రానిచో మూపును చదును చేయవలయును, లేదా అచ్చట ట్యాంకు మట్టమును మించిన యెత్తుకు ఒక సన్నగొట్టమును నిలువుగా నిలుపవలయును.

రోమకులు సీసపు గొట్టములు వాడిరి. వారి లాటిను భాషలో సీసమునకు ప్లంబం అని పేరు. ప్లంబరు అను మాట దానినుండి పుట్టినదే. ఇనుపగొట్టములకు మరలు కోయు పద్ధతి వచ్చిన పిదప ఒక్కొక్క కార్ఖానా మర ఒక్కొక్క తీరున నుండి, ఒకటి వేరొకదానికి కుదరకుండెను. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ అను ఆంగ్లేయుడు మరకు 55 డిగ్రీల కోణమును నిర్ణయించి ఏకరూపత తెచ్చెను. నేడు మనము బిగించు నల్లా మర ఆ సంతతిదే.

ఆ మరయే మన చేతిలో చెడుచున్నది. తెల్లని టేపును మర బిగియు దిశలోనే, అనగా మర కొన మనవైపుండగా గడియారపు ముల్లు తిరుగు తీరున, చుట్టవలయును. ఎదురుగా చుట్టినచో బిగించుకొలది ఊడివచ్చును. బిగించిన దానిని సరిచేయుటకై కొంచెము వెనుకకు త్రిప్పితిమా, ఆ టేపు పనికిరాదు; విప్పి క్రొత్తది చుట్టవలసినదే. పానాను బలముకొలది లాగినచో ప్లాస్టిక్ మూతి వెండ్రుకవాసి చిట్లి, మరునాడు గాని బయటపడదు. సొల్యూషన్ పూయు అతుకైనచో గొట్టము పొడిగా నుండవలయును. డబ్బాపై వ్రాసిన గడువు తీరకమునుపు నీరు విడువరాదు. క్రొత్త వాషరు వేసినను చుక్కలు ఆగకున్నచో, అది కూర్చుండు పీఠము గీసికొనిపోయినదని యెరుగవలయును.

సెకనుకొక చుక్క చొప్పున కారినను, ఇరువది చుక్కలొక మిల్లీలీటరని లెక్కవేయగా, దినమునకు నాలుగు లీటర్లకు పైగా పోవును. అంతకంటె భయము వేరొకటి కలదు. మనకు నీరు దినమంతయు రాదు. నీరాగినప్పుడు గొట్టములో ఒత్తిడి పడిపోయి, చుట్టునున్న మురుగు అదే చిల్లు ద్వారమున లోనికి పోవును. నీరు మరల వచ్చినప్పుడు ఆ మురుగు పసిబిడ్డల గ్లాసులోనికి చేరును. మురుగుకాలువను దాటు గొట్టమునకు అతుకు వేయకుండుటయే మేలు. వేసితిరేని, ఆ పని తెలిసినవానిచే వేయింపుడు.

దాగియున్న కారుటను కనుగొనుటకు ఖర్చులేని మార్గము కలదు. రాత్రి నల్లాలన్నియు కట్టి, ట్యాంకులోనికి నీరు రాకుండ ఆపి, నీటిమట్టమున సుద్దతో గీత గీయుడు. తెల్లవారి చూచునప్పుడు మట్టము తగ్గి ఒకచోట నిలిచినచో ట్యాంకు గోడయందు ఆ యెత్తుననే చిల్లున్నది. నిలువక దిగుచునే యున్నచో, ట్యాంకు అడుగును తడిమి చూచి, అది పొడిగా నున్నయెడల దిగువ గొట్టపు అతుకులను, అందును కడపట మీరు వేసినదానిని ముందుగా, పరీక్షింపుడు.