తెల్ల రొట్టె, నల్ల ముద్ద

లేపాక్షి వీరభద్రస్వామి గుడి దగ్గర రాతినేలలో చెక్కిన కంచాలున్నాయి. 16వ శతాబ్దంలో ఆ గుడి కట్టిన శిల్పులు వాటిలోనే తిన్నారని గైడ్లు చెబుతారు. కాదు, రంగులు కలుపుకున్నారని ఇంకొందరు. మొదటి మాటే నిజమైతే ఆ కంచాల్లో ఏం పడేది? మావైపు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. వరి చెరువుల కింద మాత్రమే. కాబట్టి రాగులో, జొన్నలో, కొర్రలో అయ్యుండాలని నా ఊహ.

కొన్నేళ్ల కిందట మా టీంలోని ఒక ఇంగ్లీషు మిత్రుడికి ఆ గుడి చూపించి ఇంటికి భోజనానికి తీసుకెళ్లాను. అవ్వ రాగి సంగటి, పులుసు, ఊరిబిండి పెట్టింది. అతను ముద్దను శ్రద్ధగా నమలడం మొదలుపెట్టాడు. "నమిలితే ఎట్లప్పా, పులుసులో అద్ది మింగాల" అని అవ్వ ఒకటే నవ్వు. అతనూ నవ్వి, ఇది అలవాటు చేసుకోవాల్సిన రుచి అన్నాడు. లండన్‌లో టోస్టు మీద బీన్స్, పక్కన ఉడికించిన బఠాణీలు చూసి నేను అతనితో అన్న మాట అదే. బాకీ తీర్చేశాడన్నమాట.

కానీ ఆ అలవాటు ఎవరు చేయిస్తారు?

ఇంగ్లీషు వంట పుట్టుకతోనే చప్పిడిది కాదు. 1390 ప్రాంతంలో రెండో రిచర్డ్ రాజు వంటవాళ్లు కూర్చిన పాకశాస్త్రంలో అల్లం, దాల్చినచెక్క, కుంకుమపువ్వు ధారాళంగా కనిపిస్తాయి. అది రాజుగారి వంటిల్లే అనుకోండి. చప్పిడి అన్న పేరు స్థిరపడటానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో నాకు ముఖ్యంగా తోచేది రేషన్ కార్డు. అక్కడ ఆహార రేషన్ 1940 జనవరిలో మొదలై 1954 జులైలో గానీ ముగియలేదు. చాలాకాలం మనిషికి వారానికి వెన్న 57 గ్రాములు, గుడ్డు ఒకటి. పద్నాలుగేళ్లంటే ఒక తరం పిల్లల నాలుకలు తయారయ్యే సమయం. 1942లో ప్రభుత్వం తెల్ల బ్రెడ్డు మానిపించి, తవుడు పూర్తిగా తీయని పిండితో ముతక రొట్టె చేయించింది. ఒంటికి మంచిదే. జనానికి మాత్రం అస్సలు నచ్చలేదు. వాళ్లకు తెల్లది కావాలి.

మాకూ తెల్లదే కావాలి. అవ్వ చిన్నప్పుడు వరిబువ్వ అంటే పండగ, లేదా చుట్టం. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చింది. కరువు సీమలో ఆ బియ్యం ఎన్ని పొయ్యిలు వెలిగించిందో మర్చిపోయి మాట్లాడితే పాపం. అయితే ఆ సంచితో పాటు ఒక రుచి కూడా ఇంటికొచ్చింది. అదే కాలంలో రాగి, కొర్ర పండిన చేలను వేరుశనగ ఆక్రమించింది. పెద్దవాళ్లకు పండగైన అన్నం మాకు రోజూవారీ అయింది. సంగటి పేదతనానికి గుర్తుగా మిగిలింది.

ఇప్పుడు లండన్‌లో ముతక రొట్టెకు ఎక్కువ ధర పెట్టి కొంటారు. బెంగళూరులో రాగి ముద్ద ఆరోగ్యం పేరుతో మెనూ కార్డులెక్కింది. లేనివాళ్ల తిండిని ఉన్నవాళ్లు ఎంచుకుని తింటే అది అభిరుచి అవుతుంది. నాలుక అదే, ముద్దా అదే. మారిందల్లా వద్దనగలిగే వీలు.

ఆ రోజు భోజనం గురించి ఒక సంగతి దాచాను. మా అతిథి తిప్పలు పడుతూనే ముద్దంతా పూర్తిచేశాడు. అవ్వ కంచంలోనూ సంగటే. నాకు మాత్రం ఆమె, అడక్కుండానే, విడిగా తెల్లన్నం వండి పెట్టింది. చిన్నప్పుడు బడిలో ఎవరో ఎగతాళి చేశారని ఏడ్చి నేను సంగటి మానేసిన సంగతి ఆమె మర్చిపోలేదు.

ఆమె పోయాక నేర్చుకున్నాను, నమలకుండా మింగడం.