650 సీసీ స్పోర్ట్స్ బైకు: మన రోడ్ల మీద ఎలా నడుస్తుంది?

మన దేశంలో చాలామంది 100, 125 సీసీ బండ్ల మీద బైకు నేర్చుకుంటారు. తర్వాత ఏ 200 సీసీకో మారతారు. జీతం కాస్త పెరిగాక చూపు మిడిల్‌వెయిట్ స్పోర్ట్స్ బైకుల మీదికి మళ్లుతుంది. ఈ పేరుకు చట్టంలో నిర్వచనమేమీ లేదు. వాడుకలో సుమారు 400 నుంచి 900 సీసీ మధ్య ఉన్న బండ్లను అలా పిలుస్తారు. షోరూమ్‌లో ముందుగా వినిపించేవి గరిష్ఠ వేగం, హార్స్‌పవర్. రోజూ నడిపేవారికి అక్కరకొచ్చే అంకెలు వేరు. మన రోడ్ల మీద చాలాకాలంగా కనిపిస్తున్న కవాసాకి నింజా 650ని ఉదాహరణగా తీసుకుంటే ఆ తేడా తెలుస్తుంది.

సీసీ దాదాపు ఒకటే, స్వభావాలు రెండు

నింజా 650ఆర్ పేరుతో 2011లో భారత మార్కెట్‌లోకి వచ్చిన ఈ బైకు, 2017లో కొత్త ట్రెల్లిస్ చట్రంతో బాగా బరువు తగ్గింది. ఇంజిన్ 649 సీసీ, రెండు సిలిండర్లు. 8,000 ఆర్‌పీఎం వద్ద 68 పీఎస్ శక్తి, 6,700 ఆర్‌పీఎం వద్ద 64 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. పెట్రోలు నింపాక బరువు 196 కిలోలు.

అదే కంపెనీ తయారుచేసే నింజా జెడ్‌ఎక్స్-6ఆర్ ఇంజిన్ 636 సీసీ, నాలుగు సిలిండర్లు. సీసీ కాస్త తక్కువే అయినా శక్తి 120 పీఎస్‌కు పైనే, అంటే దాదాపు రెట్టింపు. టార్క్ మాత్రం 69 న్యూటన్ మీటర్లే. అదీ ఆర్‌పీఎం 11,000 దరిదాపులకు చేరితేనే పూర్తిగా అందుతుంది. రేస్ ట్రాక్‌పై అది గొప్ప గుణం. ఆటోలు, లారీల మధ్య అంతదాకా ఇంజిన్‌ను తీసుకెళ్లే చోటే దొరకదు. నింజా 650లో ఊపు 3,000 ఆర్‌పీఎం దాటగానే మొదలై 7,000 దాకా నిలకడగా సాగుతుంది. మన ప్రయాణాల్లో ఎక్కువ భాగం గడిచేది ఆ మధ్యలోనే.

కూర్చున్నాక

సీటు ఎత్తు 790 మి.మీ. అయిదున్నర అడుగుల మనిషికి కూడా రెండు కాళ్లు దాదాపుగా నేలకు ఆనతాయి. హ్యాండిల్ కాస్త ఎత్తులో ఉండటంతో నడుం ముందుకు కొంచెమే వంగుతుంది, బరువంతా మణికట్ల మీద పడదు. జెడ్‌ఎక్స్-6ఆర్ లాంటి సూపర్‌స్పోర్ట్ బండి మీద గంటసేపు ట్రాఫిక్‌లో నడిపితే మెడ, మణికట్లు నొప్పిపెట్టడం సహజం. ఇక్కడ ఆ బాధ తక్కువ. 196 కిలోల బరువు మాత్రం బండి కదలనంతసేపూ తెలుస్తూనే ఉంటుంది. పార్కింగ్‌లో వెనక్కి లాగేటప్పుడు, వాలుగా ఉన్న చోట యూటర్న్ తీసుకునేటప్పుడు చిన్న బైకుల అలవాటు పనికిరాదు.

నగరంలో

గేర్ల నిష్పత్తి, చక్రం చుట్టుకొలత లెక్కవేస్తే ఆసక్తికరమైన విషయం తేలుతుంది. ఇంజిన్ పూర్తి శక్తినిచ్చే 8,000 ఆర్‌పీఎంకు చేరేసరికే, మొదటి గేర్‌లో వేగం గంటకు సుమారు 60 కి.మీ. అవుతుంది. కేంద్రం 2018లో ప్రకటించిన పరిమితుల ప్రకారం పట్టణాల్లో బైకులకు గరిష్ఠ వేగం అంతే. అంటే ఈ బండి పూర్తి శక్తిని ఊళ్లో వాడగలిగేది ఒక్క గేర్‌లోనే, అదీ కొద్ది సెకన్లు. స్లిపర్ క్లచ్ తేలిగ్గా ఉండటం, మూడో గేర్‌లోనే చాలాదూరం సాగిపోవడం నగరంలో ఎక్కువ ఉపయోగపడతాయి.

ఇబ్బందులూ ఉన్నాయి. ఏప్రిల్, మే నెలల్లో సిగ్నల్ దగ్గర ఆగితే రేడియేటర్ ఫ్యాన్ తిరిగి వేడిగాలి కాళ్లకు తగులుతుంది. నేల నుంచి బండి అడుగుభాగం ఎత్తు 130 మి.మీ. మాత్రమే. సైలెన్సర్ ఇంజిన్ కిందే ఉంటుంది. వెనక మనిషి కూర్చున్నప్పుడు కాలనీల్లోని ఎత్తైన స్పీడ్ బ్రేకర్లను చాలా నెమ్మదిగా, జాగ్రత్తగా దాటాలి.

హైవే మీద

ఆరో గేర్‌లో 100 కి.మీ. వేగానికి ఇంజిన్ సుమారు 4,700 ఆర్‌పీఎం వద్ద తిరుగుతుంది. అక్కడి నుంచి లారీని దాటడానికి గేరు తగ్గించాల్సిన పని తక్కువ. ఆర్‌పీఎం అంతకుమించి పెరిగేకొద్దీ ఫుట్‌పెగ్‌ల దగ్గర సన్నటి ప్రకంపన తెలుస్తుంది. 2018 పరిమితుల ప్రకారం నాలుగు వరుసల విభజిత రోడ్ల మీదా బైకులకు అనుమతించిన వేగం 80 కి.మీ.లే. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే ప్రధాన రహదారుల మీదికి ద్విచక్ర వాహనాలను అసలు రానివ్వరు. 200 కి.మీ. వేగం అందుకోగలదా అనే చర్చకు మన దగ్గర ట్రాక్ తప్ప వేరే చోటు లేదు.

ఆగడం, ఒరగడం

ముందు చక్రానికి 300 మి.మీ. డిస్కులు రెండు, వెనక 220 మి.మీ. డిస్కు ఒకటి, రెండు చక్రాలకూ ఏబీఎస్. బ్రేకులు గట్టివే. అయినా భౌతికశాస్త్రం మారదు. బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 కి.మీ. వద్ద పట్టే దూరంతో పోలిస్తే 100 కి.మీ. వద్ద అది దాదాపు 2.8 రెట్లు. ఇంజిన్ ఇంత సాఫీగా ఉన్నప్పుడు 100 కి.మీ. కూడా 60లాగే అనిపిస్తుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మలుపుల్లో బండి తేలిగ్గా ఒరుగుతుంది. సస్పెన్షన్ మెత్తగా ఉండటంతో గతుకులు అంతగా తెలియవు. ట్రాక్ మీద గట్టిగా నడిపేవారికి ఆ మెత్తదనం లోటుగా తోస్తుంది. ఇందులోని ఏబీఎస్ బండి ఒరిగిన కోణాన్ని లెక్కలోకి తీసుకునే రకం కాదు. మలుపులో ఇసుకో కంకరో ఉంటే ముందే వేగం తగ్గించడం రైడర్ పనే.

లైసెన్సు సంగతి

యూరప్‌లో 18 ఏళ్ల యువకుడికి ఇచ్చే ఏ2 లైసెన్సుతో 35 కిలోవాట్ల శక్తికి మించిన బైకు నడపకూడదు. నింజా 650 శక్తి 50 కిలోవాట్లు. అక్కడ ఆ వయసువారికి శక్తి తగ్గించిన రూపమే దిక్కు. మన దగ్గర 18 నిండి గేర్లున్న బైకు లైసెన్సు చేతికొస్తే 100 సీసీకైనా, 1000 సీసీకైనా అదే చెల్లుతుంది. మధ్యలో మెట్టు లేదు. ఆ మెట్టును ఎవరికి వారే వేసుకోవాలి.

2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన బైకులపై జీఎస్‌టీ 40 శాతానికి చేరింది. అంత డబ్బు పెట్టేవారు టెస్ట్ రైడ్‌లో ఖాళీ రోడ్డు వెతుక్కోవడం కన్నా, ట్రాఫిక్‌లో పావుగంట నడపడం మేలు. మూడో గేర్‌లో 30 కి.మీ. నుంచి బండి ఎలా అందుకుంటోంది, వేడి ఎంత తగులుతోంది, గట్టిగా బ్రేకు వేస్తే చేతికి భరోసా ఉందా అన్నవి చూసుకోవాలి. హెల్మెట్, గ్లవ్స్, జాకెట్, బూట్ల ఖర్చు బండి ధరలో భాగమే అనుకోవాలి. ఆ లెక్కకు బడ్జెట్ సరిపోకపోతే కొనాల్సింది ఇంకాస్త చిన్న బండి.