కొయ్యడానికి ముందు క్లిప్పులెందుకు?

పెద్దయ్యాక పళ్ళకి క్లిప్పులు పెట్టించుకుంటే రెండు ప్రశ్నలు తప్పవు. "ఈ వయసులో ఎందుకురా?" అన్నది మా పెద్దమ్మ ప్రశ్న. "పెట్టించుకున్నాక దవడ ఇంకా ముందుకొచ్చిందేంటి?" అన్నది ఆఫీసు వాళ్ళది. మొదటిదానికి జవాబు తేలికే. ఎదుగుదల ఆగకముందే కింది దవడ కోసి వెనక్కి జరిపితే, అది మళ్ళీ పెరిగి కథ మొదటికొస్తుంది. రెండోదానికి మాత్రం కాస్త చరిత్ర కావాలి.

1849లో అమెరికాలోని వీలింగ్‌లో సైమన్ హల్లిహెన్ అనే డాక్టరు ఓ 20 ఏళ్ళ అమ్మాయి దవడ కోసి సరిచేశాడు. చిన్నప్పుడు ఒళ్ళు కాలి, మెడ మీది మచ్చ బిగుసుకుపోయి, ఏళ్ళ తరబడి దవడని లాగేసింది పాపం. 1897లో సెయింట్ లూయిస్‌లో విల్రే బ్లెయిర్, ముందుకొచ్చిన దవడకి రెండు పక్కలా ముక్కలు తీసి వెనక్కి జరిపాడు. పళ్ళ వరస సరిచేసే విద్యకి ఆద్యుడనదగ్గ ఎడ్వర్డ్ యాంగిల్ ఉన్నదీ ఆ ఊళ్ళోనే. అంటే కోసేవాడూ, క్లిప్పులు కట్టేవాడూ పక్కపక్కనే ఉన్నారన్నమాట! అయినా 1960ల దాకా చాలావరకు క్లిప్పులు లేకుండానే కోసేవాళ్ళు, లేదంటే కోశాక పెట్టేవాళ్ళు.

అసలు చిక్కు పళ్ళతోనే. దవడలు కలవకపోతే పళ్ళు ఊరుకోవు. కింది పళ్ళు లోపలికి, పై పళ్ళు బయటికి వాలి ఎలాగోలా సర్దుకుంటాయి. (మన పాత కోడులో ఒక తప్పుని ఇంకో తప్పుతో కప్పినట్టు.) ఆ వాలు అలాగే ఉంచి కోస్తే, దవడని జరపాల్సినంత జరపలేరు, పళ్ళే అడ్డొస్తాయి. అందుకే ముందు ఏడాది, ఏడాదిన్నర పాటు పళ్ళని నిటారుగా నిలబెడతారు. దాంతో అన్నాళ్ళూ దాగిన తేడా అంతా బయటపడుతుంది. ఆఫీసు వాళ్ళకి కనబడుతున్నది అదే. ఈమధ్య కొందరికి ముందే కోస్తున్నారు గానీ, అందరికీ కుదరదు.

కోత పద్ధతి మార్చినవాడు హ్యూగో ఓబ్వెగేసర్. నోటి లోపలినుంచే, బయట మచ్చ పడకుండా, దవడ వెనక భాగాన్ని పెసరగింజని బద్దలు చేసినట్టు నిలువునా చీల్చే పద్ధతిని 1957లో ఇంగ్లీషులో ప్రచురించాడు. బద్దలు ఒకదానిమీద ఒకటి జారతాయి, కానీ వెడల్పుగా ఆనుకునే ఉంటాయి, కాబట్టి బాగా అతుక్కుంటాయి. 1970 నాటికి రెండు దవడల్నీ ఒకేసారి జరిపాడాయన. అప్పట్లో ఆరేసి వారాలు నోరు తీగలతో కట్టేసేవారు. ఇప్పుడు చిన్న టైటానియం ప్లేట్లు, స్క్రూలు వచ్చాయి, బతికిపోయాం.

నన్ను ఆలోచింపజేసేది నొప్పి కాదు. ఆ రెండు బద్దల మధ్యలోంచే కింది పెదవికి స్పర్శనిచ్చే నరం పోతుంది. చాలామందికి కొన్నాళ్ళు పెదవి, గడ్డం మొద్దుబారతాయి. కొందరికి ఆ తిమ్మిరి ఎప్పటికీ పూర్తిగా పోదు. వయసు పెరిగేకొద్దీ ఆ అవకాశం ఎక్కువ. ఇది తెలిసే ఒప్పుకున్నాను, ముందు పళ్ళతో దోసె ముక్క కొరకాలని.

వచ్చే నెల కింది జ్ఞానదంతాలు రెండూ పీకించుకోవాలి. చీలిక అక్కడినుంచే పోతుంది మరి. ఆ గుంటలు ఎముకతో పూడటానికి ఆర్నెల్లు ఆగమన్నారు.