ఇటలీ భూతోచ్చాటన చలనచిత్రాలు (1963–1975): అనుకరణ – చరిత్ర

వ్యాస సంగ్రహం:
1974–75 నడుమ ఇటలీలో వెలువడిన స్వల్పవ్యయ భూతోచ్చాటన చిత్రాలను ‘ది ఎక్సార్సిస్ట్’కు నకళ్ళుగా పరిగణించడం పరిపాటి. ఈ అభిప్రాయం వ్యాపారరీత్యా సరైనదే అయినా, చరిత్రరీత్యా అసమగ్రమని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ఇటలీ సినిమా, భూతోచ్చాటన, ఫిలోనే, ఎర్నెస్తో దె మార్తినో, మారియో బావా.

1. ప్రవేశిక:
విలియం పీటర్ బ్లాటీ 1971లో ప్రచురించిన నవల ఆధారంగా విలియం ఫ్రీడ్కిన్ రూపొందించిన ‘ది ఎక్సార్సిస్ట్’ 1973 డిసెంబరులో అమెరికాలోనూ, 1974లో ఇటలీలోనూ విడుదలైంది. ఆ వెంటనే ఇటలీ నిర్మాతలు ఇదే ఇతివృత్తంతో వరుసగా చిత్రాలు తీశారు. 1975లో హాస్యనటుడు చిచ్చో ఇంగ్రాస్సియా ‘లెసోర్చిచ్చో’ పేరుతో పేరడీ కూడా తీశాడంటే ఈ ఒరవడి ఎంత త్వరగా స్థిరపడిందో గ్రహించవచ్చు. అయితే దయ్యం పట్టడం, దాన్ని వదిలించడం అనే ఇతివృత్తం ఇటలీ తెరకు అమెరికా నుంచే వచ్చిందా?

2. పూర్వరంగం:
ఈ ప్రశ్నకు బ్రునెల్లో రోందీ దర్శకత్వం వహించిన ‘ఇల్ దెమోనియో’ (1963) సమాధానమిస్తుంది. ఇది దక్షిణ ఇటలీలోని లుకానియా ప్రాంతపు పల్లెలో జరిగే కథ. ప్రియుడు మరొకరిని పెళ్ళాడగా తిరస్కృతురాలైన పూరిఫ్ అనే రైతు యువతికి దయ్యం పట్టిందని ఊరు నమ్ముతుంది. చర్చిలో భూతోచ్చాటన జరుగుతున్నప్పుడు ఆమె వెనక్కి వంగి, చేతులూ కాళ్ళూ నేలకు ఆనించి సాలీడులా నడుస్తుంది. ఇటువంటి దృశ్యమే ‘ది ఎక్సార్సిస్ట్’ కోసం చిత్రీకరించినా 1973 ప్రతిలో చోటు చేసుకోలేదు. 2000లో విడుదలైన ప్రతిలో చేరింది.

రోందీ చిత్రానికి వెనుక ఒక విద్యావాతావరణం ఉంది. మానవశాస్త్రవేత్త ఎర్నెస్తో దె మార్తినో 1959లో దక్షిణ ఇటలీ మంత్రవిశ్వాసాల మీదా, 1961లో సాలెంతో ప్రాంతపు ‘తరాంతిజ్మో’ మీదా గ్రంథాలు వెలువరించాడు. సాలీడు కుట్టిందని నమ్మిన స్త్రీలు వాద్యాల లయకు అలసిపోయేదాకా ఆడి స్వస్థత పొందే ఆచారమిది. దీన్ని కేవలం రోగంగా కాక, నోరు విప్పే వీలులేని స్త్రీల వ్యథకు సమాజం సమకూర్చిన రూపంగా ఆయన వ్యాఖ్యానించాడు. పూరిఫ్ పాత్రను ఈ వెలుగులో చూడవలసి ఉంటుంది.

3. ఫిలోనే పద్ధతి:
ఖనిజపు పొరను సూచించే ‘ఫిలోనే’ అనే మాటను ఇటలీ చిత్రపరిశ్రమ ఒక విజయం వెంట వరుసగా వచ్చే చిత్రాలకు వాడింది. పొర ఉన్నంతవరకు తవ్వి, అది అడుగంటగానే మరొక చోటికి తరలిపోవడం దీని స్వభావం. పౌరాణిక వీరగాథలు, వెస్టర్న్‌లు ఇలా వచ్చినవే. మాటలను చిత్రీకరణ తరవాత డబ్బింగులో చేర్చడం, విదేశీ నటులను తీసుకోవడం, దర్శకులకు ఆంగ్లనామాలు పెట్టడం ఇందులోని మెలకువలు. ‘కీ సెయి?’ (1974) దర్శకుల్లో ఒకరైన ఒవీదియో అస్సోనితిస్ తెరమీద ఆలివర్ హెల్మన్ అయ్యాడు. ఈ చిత్రంపై వార్నర్ సంస్థ వ్యాజ్యం వేయగా, 1975లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానం ప్రదర్శనను ఆపడానికి నిరాకరించి, కొన్ని ప్రకటనలను మాత్రం నిలిపివేసింది. పోలిక కథలో కన్నా అమ్మకంలోనే ఎక్కువన్న సంగతిని ఈ తీర్పు సూచిస్తుంది.

4. ఇతివృత్తంలో మార్పు:
అమెరికా చిత్రంలో దయ్యం పట్టింది పన్నెండేళ్ళ బాలికకు. ఇటలీ చిత్రాల్లో బాధితురాలు వయోజన స్త్రీ. అల్బెర్తో దె మార్తినో ‘లాంతిక్రిస్తో’ (1974)లో ఆమె పక్షవాతంతో తండ్రి ఇంట బందీ అయిన అవివాహిత; ‘కీ సెయి?’లో గర్భవతి అయిన గృహిణి. మారియో గరియాజ్జో ‘లొస్సెస్సా’ (1974)లో తల్లి అక్రమ సంబంధాన్ని కళ్ళారా చూసిన చిత్రకళా విద్యార్థిని. ‘కీ సెయి?’లో భూతోచ్చాటన చేసే మతగురువే లేడు. అంటే ఇక్కడ సంక్షోభానికి కేంద్రం విశ్వాసం కన్నా కుటుంబం.

ఇదే కాలంలో ఇటలీ సమాజం కుటుంబం గురించే వాదించుకుంటోంది. 1970లో వచ్చిన విడాకుల చట్టాన్ని రద్దు చేయాలన్న ప్రతిపాదనను 1974 మే నెల ప్రజాభిప్రాయ సేకరణలో సుమారు 59 శాతం మంది తిరస్కరించారు. 1975లో కుటుంబ చట్టం సవరణ పొంది భార్యాభర్తలకు సమానత్వం కల్పించింది. మరోవైపు 1972 నవంబరులో ఆరవ పౌలు పోపు సైతాను వాస్తవమైన శక్తి అని బోధించాడు. ఈ చిత్రాలు ఆ చర్చకు ఉద్దేశపూర్వకంగా ఇచ్చిన సమాధానాలని చెప్పడం అతిశయోక్తి. కానీ తండ్రి ఆజ్ఞకూ, భర్త ఇంటికీ కట్టుబడని స్త్రీ శరీరాన్ని అవి భయహేతువుగా చూపాయి. అదే సమయంలో ఆ శరీరాన్ని ప్రేక్షకుల కుతూహలానికి సరుకుగా మార్చాయి. దె మార్తినో గ్రంథాల్లో వ్యథగా వినిపించినది ఇక్కడ వినోదంగా మారింది.

5. ఒక చిత్రం చెల్లించిన మూల్యం:
మారియో బావా 1973లో తీసిన ‘లీసా ఎ ఇల్ దియావొలో’ భూతోచ్చాటన చిత్రం కాదు. మృతుల నీడల్లో నడిచే స్వప్నసదృశమైన కథ. దానికి పంపిణీదారులు దొరకకపోవడంతో నిర్మాత ఆల్ఫ్రెడో లియోన్, మతగురువుగా రాబర్ట్ ఆల్డాతో కొత్త దృశ్యాలు చేర్చి 1975లో ‘లా కాజా దెల్లెసోర్చిజ్మో’గా విడుదల చేశాడు. దర్శకుడిగా కల్పితనామం వేశారు. బావా 1980లో మరణించాడు. మూలప్రతికి తగిన గుర్తింపు ఆ తరవాతే దక్కింది. మార్కెట్టు ఒరవడి ఒక స్వతంత్ర రచనను ఎలా మింగివేయగలదో చెప్పడానికి ఇంతకన్నా నిదర్శనం అక్కరలేదు.

6. ఉపసంహారం:
పై పరిశీలన వల్ల తేలిన అంశాలు మూడు. మొదటిది, ఈ ఇతివృత్తానికి ఇటలీలో 1973కు పూర్వమే స్వీయమూలాలున్నాయి. రెండవది, అనుకరణ కథాసారంలో కన్నా వ్యాపార రూపంలో బలంగా ఉంది. మూడవది, అరువు తెచ్చుకున్న చట్రంలోకి చేరింది స్థానికమైన కుటుంబ సంక్షోభం. ఒక రచనను ‘నకలు’ అనగానే పరిశోధన ముగిసిందని భావిస్తే ‘ఇల్ దెమోనియో’ వంటి పూర్వరచన మరుగున పడుతుంది. ఏది అరువు తెచ్చుకున్నారన్న ప్రశ్నతో పాటు, ఏది మార్చారు, ఎందుకు మార్చారు అన్న ప్రశ్నలు కూడా వేసినప్పుడే అనుకరణ చరిత్రకు ఆధారమవుతుంది.