కెప్టెన్ పేరు పెట్టుకున్న ఊరు

1838 డిసెంబర్ 28. దక్షిణ ఆస్ట్రేలియాలో అడిలైడ్ రేవు. డిసెంబరంటే అక్కడ నడివేసవి. హాంబర్గ్ పక్కనున్న ఆల్టోనాలో ఆగస్టులో బయల్దేరిన ‘జీబ్రా’ అనే ఓడ లంగరు దించింది. నాలుగున్నర నెలల ప్రయాణంలో చనిపోయినవాళ్ళను సముద్రానికే అప్పగించి, మిగిలిన జర్మన్ కుటుంబాలు మూటాముల్లెతో డెక్ మీదికొచ్చి నిలబడ్డాయి. రేవంటే బురద, దోమలు. దిగితే ఎక్కడికి పోవాలో ఎవరికీ తెలియదు.

వీళ్ళు బంగారం కోసం వచ్చినవాళ్ళు కారు. ప్రష్యా రాజు మూడో ఫ్రెడ్‌రిక్ విలియం తన రాజ్యంలోని రెండు ప్రొటెస్టెంట్ శాఖలను కలిపేసి, అందరూ ఒకే తీరున ప్రార్థన చెయ్యాలని శాసించాడు. పాత లూథరన్లు ససేమిరా అన్నారు. జరిమానాలు పడ్డాయి, పాస్టర్లు జైలు పాలయ్యారు. చివరికి పొలం పుట్రా అమ్ముకుని, అప్పు చేసి ఓడెక్కారు.

జనాన్ని దించేస్తే ఓడ కెప్టెన్ డిర్క్ హాన్ పని అయిపోయినట్టే. కిరాయి ఒప్పందంలో అంతకుమించి ఏమీ లేదు. కానీ ఆయనకు కాళ్ళు కదల్లేదు. జనవరిలో కొందరు భూస్వాములతో కలిసి మౌంట్ బార్కర్ వైపు కొండలెక్కాడు. పచ్చిక, నీళ్ళు, మన్ను కళ్ళారా చూశాక బేరానికి కూర్చున్నాడు. 100 ఎకరాలు, మొదటి ఏడాది కౌలు లేదు, పంట చేతికొచ్చేదాకా తిండిగింజలు అప్పుగా ఇవ్వాలి. ఒప్పించాడు. 1839లో ఊరు వెలిసింది. పేరు హాన్‌డార్ఫ్, అంటే హాన్‌గారి ఊరు. ఆయన మాత్రం అక్కడ కాపురం పెట్టలేదు, మళ్ళీ ఓడెక్కి వెళ్ళిపోయాడు.

ఒక్క మాట. ఆ బేరంలో అసలు నేల మనుషులైన పెరమంక్ జనాన్ని ఎవరూ పిలవలేదు. సొంతగడ్డ మీద నిలవనివ్వని బాధ తెలిసి వచ్చినవాళ్ళే, ఇంకొకరి గడ్డ మీద పాక వేశారు. ఆ సంగతి వదిలేసి ఈ కథ చెప్పడం సరికాదు.

పంట పండింది. అమ్మాలంటే అడిలైడ్ దాదాపు 30 కిలోమీటర్లు. ఎడ్లబండి పెట్టుకునే తాహతు లేదు. నడిచింది ఆడవాళ్ళే. అర్ధరాత్రి లేచి, కూరగాయలూ వెన్నా గుడ్లూ బుట్టలకెత్తి వీపున వేసుకుని, పెళ్ళి కాని ఆడపిల్లల్నీ వెంటేసుకుని, ఒకరి వెనక ఒకరుగా చీకటి కొండదారిన సాగేవాళ్ళు. దారిలో బూట్లు తొడుక్కునేవాళ్ళు కారు. అరిగితే మళ్ళీ కొనేదెవరు? తెల్లారేసరికి కొండ దిగువన వాగు దగ్గర ఆగి, పాదాలు కడుక్కుని, దేవుడికి ఒక కీర్తన పాడి, అప్పుడు మేజోళ్ళూ బూట్లూ తొడుక్కుని పట్నంలో అడుగుపెట్టేవాళ్ళు. సరుకు అమ్ముడయ్యాక పంచదార, పొగాకు, దారం కొనుక్కుని మళ్ళీ అదే కొండ ఎక్కేవాళ్ళు. చర్చి కట్టేటప్పుడు తిరుగుదారిలో తలా రెండు ఇటుకలు మోశారని కూడా చెప్పుకుంటారు. కెప్టెన్ బేరం ఊరికి పునాది వేసిందే కానీ, దాన్ని నిలబెట్టింది ఈ నడకే.

అలాంటి ఊరు మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువుల ఊరైపోయింది. 1917లో చట్టం చేసి దక్షిణ ఆస్ట్రేలియాలో 69 జర్మన్ స్థలనామాలు మార్చారు, లూథరన్ బడులు మూయించారు. హాన్‌డార్ఫ్ ఆంబుల్‌సైడ్ అయింది. యూకలిప్టస్ చెట్లను బొమ్మల్లో అజరామరం చేసిన హాన్స్ హైసెన్ ఆ ఊరి పక్కనే ఉండేవాడు. హాంబర్గ్‌లో పుట్టిన పాపానికి ఆయన్నీ అనుమానంగా చూశారు. పాత పేరు తిరిగి రావడానికి 1935 దాకా పట్టింది.

అడిలైడ్‌లో మీవాళ్ళుంటే, వెళ్ళినప్పుడు హాన్‌డార్ఫ్ వీధిలో ఫొటోలు దిగి వచ్చెయ్యకండి. ఆడవాళ్ళు నడిచిన ఆ దారిని ఇప్పుడు గుర్తులు పెట్టి కాపాడుతున్నారు. కొంత దూరమైనా నడిచి చూడండి.